మా వాడి ఫుట్‌బాల్ పురాణం

విమర్శకులంటే నాకు మొదట్నుంచీ కాస్త భయం. నవలలు రాయడం మొదలెట్టాక ఆ భయం ముదిరింది. అంచేత ఒక విమర్శకుణ్ణి తీరిగ్గా కూచోబెట్టి నేనే విమర్శించే అవకాశం వస్తే వదులుకోబుద్ధి కాలేదు. ఆ విమర్శకుడు ఎవరో కాదు, మా అన్నయ్య కొడుకు. వాడు విమర్శించేది సాహిత్యాన్ని కాదు లెండి, అమెరికా ఫుట్‌బాల్‌ని. ఆదివారం మూడు గంటలు ఆట చూసి, తక్కిన ఆరు రోజులూ దాన్ని గురించే మాట్లాడే మనిషిని విమర్శకుడనక ఏమంటారు, మీరే చెప్పండి!

2023 అక్టోబరులో వాడి భార్యకి పురుడొచ్చింది. మా వదినకి మోకాళ్ళు సహకరించక, ఆవిడ బదులు నన్ను విమానం ఎక్కించారు. వాము, ఇంగువ, బాలింత కాయం సర్దుకుని మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న మిల్వాకీలో దిగాను. వాడింట్లో హాలు గోడమీద వెంకటేశ్వరస్వామి పటం పక్కనే ఇంకో పటం ఉంది. డిగ్రీ పట్టా కాబోలనుకుని కళ్ళజోడు పెట్టుకుని చూద్దును కదా, షేరు సర్టిఫికెట్!

"గ్రీన్‌బే పాకర్స్ షేరు అత్తా. 2021లో 300 డాలర్లు పెట్టి కొన్నాను. నేను ఓనర్ని" అన్నాడు వాడు ఛాతీ విరిచి.

అక్కడికి రెండు గంటల ప్రయాణంలో ఉంది గ్రీన్‌బే ఊరు. జనాభా లక్షకి కొంచెం ఎక్కువ. మన కొలతలో ఓ మోస్తరు మునిసిపాలిటీ. ఆ ఊరి స్టేడియంలో మాత్రం ఇంచుమించు 81 వేలమంది పడతారు. తక్కిన జట్లన్నిటికీ కోటీశ్వరులు యజమానులైతే, ఈ జట్టుకి 1923 నుంచీ జనమే వాటాదార్లు. ఆ వాటాకి లాభం పంచరు, బజార్లో అమ్ముకోడానికీ వీల్లేదు. మరెందుకురా అంటే, "యజమానినని చెప్పుకోవడానికి" అన్నాడు. అప్పుడు నవ్వాను గానీ, వాడి విమర్శలోని బలమూ బలహీనతా కూడా ఆ పటంలోనే ఉన్నాయని తరవాత తెలిసింది.

మూడు విషయాలు వాడి నోట్లో ఎప్పుడూ ఆడుతుండేవి. ఒకటి డిఫెన్సు, రెండు ఫ్రీ ఏజెన్సీ, మూడు రోస్టరు. ఏజెన్సీ అంటే నాకు తెలిసింది పాడేరు, రంపచోడవరం. రోస్టరంటే ఆస్పత్రిలో నర్సుల డ్యూటీ కాగితం. ఈ పరిజ్ఞానంతో వాడి పురాణం వినడానికి కూచున్నాను.

డిఫెన్సు గురించి మాట్లాడేటప్పుడు మా వాడంత మంచి విమర్శకుణ్ణి నేను చూళ్ళేదు. ఆ ఆటలో పదకొండుమంది బంతి పట్టుకుని ముందుకి తోసుకొస్తారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు గడిస్తే వాళ్ళకి మళ్ళీ నాలుగు ప్రయత్నాలు. అడ్డుకునేవాళ్ళూ పదకొండుమందే. నేను కబడ్డీ చూసినదాన్ని కాబట్టి ఇంతవరకూ తేలిగ్గానే అర్థమైంది. కూతకొచ్చినవాణ్ణి మీదపడి పట్టేసే జట్లుంటాయి. వెనక గీత దగ్గర నిలబడి, ఓ పాయింటు పోతే పోనీ, కొంపలు మునక్కుండా చూద్దామనే జట్లూ ఉంటాయి. అప్పట్లో గ్రీన్‌బే డిఫెన్సుకి గురువు జో బారీ. ఆయనది రెండో రకం.

భోజనాల బల్ల మీద కందిగింజలూ సెనగలూ పరిచి చూపించేవాడు మా వాడు. "ఇదిగో, ఈ రెండు సెనగలూ బాగా వెనకుంటాయి. పొడుగాటి బంతి వెయ్యనివ్వరు. ఈ పక్కనున్నవాళ్ళు కూడా ఏడెనిమిది గజాలు వెనక్కి జరిగి నిలబడతారు. చిన్న చిన్న బంతులు పట్టుకుంటే పట్టుకోనీ అని. పది పన్నెండు చిన్న బంతులు వరసగా తప్పు లేకుండా వెయ్యడం ఎవరికైనా కష్టం, ఎక్కడో ఓ చోట పొరపాటు చేస్తారు కదా అని లెక్క. ఓపికున్నవాడు ఎదురైతే ఏమవుతుంది చెప్పు?"

ఏమవుతుందో 2023 డిసెంబరు 17న కళ్ళారా చూశాం. టాంపాబే నుంచి బేకర్ మేఫీల్డ్ అనే ఆటగాడు వచ్చి, ఇచ్చిన జాగా ఇచ్చినట్టే తీసుకున్నాడు. బంతి విసిరేవాళ్ళకి మార్కులు వేసే పద్ధతిలో వచ్చే అత్యధిక సంఖ్య 158.3ట. గ్రీన్‌బే మైదానంలో బయటినుంచి వచ్చిన ఏ ఆటగాడికీ అంతకుముందు రాని ఆ మార్కు ఆయనకొచ్చింది. పాకర్స్ 34–20తో ఓడిపోయారు. మా వాడు ఆ రాత్రి పెరుగన్నం కూడా ముట్టలేదు.

ఆ రోజుల్లోనే వాడు నాకో మాట చెప్పాడు. "బంతిని చూడకత్తా. బంతిని చూస్తే నీకు కథే తెలుస్తుంది. బంతి లేనివాళ్ళు ఎక్కడ నిలబడ్డారో చూడు, ఆట తెలుస్తుంది."

ఇరవై ఏళ్ళుగా నా నవలల మీద వచ్చిన సమీక్షల్లో ఇంత పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. సమీక్షకులందరూ కథానాయిక వెంటే పరిగెత్తుతారు. వంటింటి గుమ్మంలో నిలబడి ఒక్క మాటా అనని అత్తగారు ఏం చేస్తోందో ఎవరికీ అక్కర్లేదు. మా వాడైతే ఆవిణ్ణే ముందు చూస్తాడు. కారణం లేకుండా నిందించడు. ఎక్కడ ఎవరు ఎన్ని గజాలు వెనకున్నారో లెక్క చూపించి, పథకంలో ఉన్న మంచిని ముందు చెప్పి, తరవాత లోపం చెబుతాడు. విమర్శ అంటే అదే కదా.

ఒక్క లోపం మాత్రం చెప్పాలి. 2024 జనవరి 14న అదే డిఫెన్సు డాలస్‌లో ప్రత్యర్థికి ఒక్క పాయింటూ రాకముందే తన జట్టు 27 సంపాదించేదాకా వాళ్ళని కట్టిపడేసింది. పాకర్స్ 48–32తో గెలిచారు. ఆ రాత్రి మా వాడి నోట జో బారీ పేరే రాలేదు. వారం తిరిగేసరికి శాన్‌ఫ్రాన్సిస్కోలో 24–21తో ఓడిపోగానే మళ్ళీ వచ్చింది! జనవరి 24న బారీని తప్పించారు. మా వాడు పసిపిల్లని ఎత్తుకుని హాలంతా తిరుగుతూ, "హమ్మయ్య, మనం తీసేశాం" అన్నాడు.

ఆ 'మనం' నా చెవిలో గుచ్చుకుంది. మన భాషకో సుఖం ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకి 'మేము', 'మనము' అని రెండున్నాయి. ఎదుటివాళ్ళని కలుపుకున్నామా లేదా అన్నది అక్కడే తేలిపోతుంది. అప్పట్నుంచీ నేను వాడి సర్వనామాలు లెక్కపెట్టడం మొదలెట్టాను. గెలిస్తే 'మనం గెలిచాం'. ఓడితే 'వాళ్ళు ఓడిపోయారు'. ఎవర్నైనా కొంటే 'మనం కొన్నాం'. తీసేస్తే, అదీ 'మనం తీసేశాం'. ఆడేవాళ్ళు ఎప్పుడూ వాళ్ళే. కొనేదీ తీసేదీ మాత్రం మనం. బి.ఏ.లో తెలుగు వ్యాకరణం చదివినందుకు ఇన్నాళ్ళకి ఫలితం దక్కింది.

ఇక ఫ్రీ ఏజెన్సీ సంగతి. ఒప్పందం గడువు తీరిన ఆటగాడు, తగినన్నేళ్ళ అనుభవం ఉంటే, తనకి నచ్చిన జట్టుకి పోవచ్చు. ఇందులో విశేషమేముంది, ఏ గుమాస్తాకైనా ఉన్న హక్కే కదా అనుకున్నాను. ఆ ఆటలో ఈ హక్కు నిజంగా చేతికొచ్చింది 1993లోనట! అంతకుముందు గడువు తీరినా మనిషి పాత జట్టు చేతిలోనే ఉండేవాడు. 1989లో పెట్టిన పద్ధతిలో ప్రతి జట్టూ 37మందిని తమవాళ్ళుగా అట్టేపెట్టుకోవచ్చు. అంటే పనికొచ్చేవాళ్ళంతా కట్టుగొయ్యకే, తక్కినవాళ్ళకి స్వేచ్ఛ. 1992లో మినియాపొలిస్ కోర్టులో జ్యూరీ అది చెల్లదంది. తరవాత వేసిన దావాలో ఆటగాళ్ళ తరఫున ముందు నిలిచిన పేరు రెజీ వైట్. ఆ దావా రాజీలోంచే ఫ్రీ ఏజెన్సీ పుట్టింది.

అప్పుడు చిన్న ఊళ్ళవాళ్ళు గుండెలు బాదుకున్నారు. స్వేచ్ఛ ఇస్తే ఆటగాళ్ళంతా పెద్ద నగరాలకే పోతారని. తీరా చూస్తే ఆ రెజీ వైటే, అంతటి డిఫెన్సు మొనగాడు, ఎన్నో నగరాలు తిరిగి చూసి, 1993 ఏప్రిల్లో గ్రీన్‌బేకి ఒప్పుకున్నాడు. నాలుగేళ్ళకి కోటీ 70 లక్షల డాలర్లు. 1997 జనవరిలో జరిగిన సూపర్‌బౌల్‌లో, బంతి విసిరేవాణ్ణి విసరకముందే మూడుసార్లు పడగొట్టి, 29 ఏళ్ళ తరవాత ఆ ఊరికి కప్పు తెచ్చిపెట్టాడు. ఈ కథ చెప్పేటప్పుడు మా వాడి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నిజానికి అప్పటికి వాడు కాకినాడలో పలకా బలపం పట్టిన పిల్లవాడు.

"చూశావా, స్వేచ్ఛ వస్తే ఎవరెటు పోతారో యజమానులకేం తెలుసు!" అన్నాను నేను. మా వాడు ఒప్పుకున్నాడు. కానీ ఆ మర్నాడే, గడువు తీరి ఎక్కువ జీతం అడుగుతున్న ఎవరో ఆటగాణ్ణి పట్టుకుని, "డబ్బు మనిషి. విశ్వాసం లేదు" అన్నాడు. వచ్చేవాడు స్వేచ్ఛాజీవి, పోయేవాడు విశ్వాసఘాతకుడు! ఇక్కడ మా విమర్శకుడి తర్కం కుంటింది. ఒప్పందం మధ్యలో తనకి నచ్చలేదని ఆటగాడు వెళ్ళిపోలేడు. జట్టు మాత్రం మధ్యలో వదిలెయ్యొచ్చు. హామీ ఇచ్చిన భాగం తప్ప తక్కిన డబ్బు రాదు. ఒకవైపే తెరుచుకునే తలుపు దగ్గర నిలబెట్టి విశ్వాసం గురించి పాఠం చెబితే ఎలా?

మూడోది రోస్టరు. వేసవి శిబిరంలో 90మంది ఉంటారు. ఆగస్టు ఆఖరుకి 53 పేర్లే మిగలాలి. ఆ 53మంది జీతాలకీ గరిష్ఠ పరిమితి ఉంది. 1994లో మొదలెట్టినప్పుడు జట్టుకి 3 కోట్ల 46 లక్షల డాలర్లు, 2024 నాటికి 25 కోట్ల 54 లక్షలు. పరిమితి అంటే పరిమితే, దాటడానికి వీల్లేదు. నెల జీతంలో ఇల్లు నడిపిన ఏ ఆడదానికీ ఇది కొత్త విద్య కాదు. నెయ్యి కొంటే జీడిపప్పు మానెయ్యాలి. అంచేత ఎవర్నో ఒకర్ని వదులుకోక తప్పదన్న మా వాడి మాట కాదనను. అంతెందుకు, నేనూ నవల మూడో ప్రతిలో పాత్రల్ని తీసేసినదాన్నే. పేచీ అక్కడ లేదు, తీసేసేటప్పుడు మాట్లాడే భాషలో ఉంది.

2024 మార్చి 11. నేను తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకుంటున్నాను. మా వాడు ఫోను పట్టుకుని గంతులేస్తూ వచ్చాడు. లాస్‌వేగాస్ నుంచి జోష్ జేకబ్స్ అనే పరుగు వీరుణ్ణి పట్టారట. డిఫెన్సులో ఆ వెనక సెనగగింజ జాగాలోకి జేవియర్ మెకినీ అనే కుర్రవాణ్ణి తెస్తున్నారట. "అబ్బ, ఎంత బాగా కొన్నామత్తా!" అన్నాడు. తరవాత, కొసరుగా, "ఆరన్ జోన్స్‌ని వదిలేశాంలే. 29 ఏళ్ళొచ్చాయి. పరిమితిలో బోలెడు మిగులుతుంది" అన్నాడు.

ఆ జోన్స్ నాకు తెలుసు. తెలియడం అంటే, మా వాడే చెప్పాడు. 2017 నుంచి ఏడు సీజన్లు అక్కడే ఆడాడు. 2021లో ఆయన తండ్రి పోయారు. ఆ చితాభస్మం కొంచెం ఓ లాకెట్టులో పెట్టి మెడలో వేసుకుని ఆడేవాడు. ఆ సెప్టెంబరులో, సొంత మైదానంలో, నాలుగుసార్లు బంతి గీత దాటించిన రాత్రి, ఆ లాకెట్టు గడ్డిలో పడిపోయింది. ఆట అయిపోయి జనమంతా వెళ్ళిపోయాక, అర్ధరాత్రి దాటిన తరవాత, జట్టు శిక్షకుడొకాయన వెతికి వెతికి తెచ్చిచ్చాడు. ఆ కథ చెప్పినప్పుడు మా వాడి గొంతు జీరబోయింది. జనవరిలో డాలస్‌లో మూడుసార్లు గీత దాటిందీ ఆ జోన్సే. అప్పుడు మా వాడు సోఫా మీద ఎగిరి, పిల్లని నిద్రలేపాడు. జీతం తగ్గించుకోమంటే ఆయన ఒప్పుకోలేదని వార్త. ఆ మనిషి రెండు నెలలు తిరక్కుండా 'పరిమితిలో బోలెడు' అయిపోయాడు!

"ఒరే, ఆయన లాకెట్టు సంగతో?" అన్నాను.

"అది వేరత్తా. ఇది బిజినెస్."

న్యాయంగా చెప్పాలంటే మా వాడి లెక్క తప్పలేదు. 2024లో జేకబ్స్ 1329 గజాలు పరిగెత్తాడు. మెకినీ ఎదుటివాళ్ళ బంతులు ఎనిమిది ఎగరేసుకుపోయాడు. కొత్త గురువు జెఫ్ హాఫ్లీ చేతిలో డిఫెన్సూ బాగుపడింది. ఆ జేకబ్స్ కథా చిన్నది కాదు. 2022లో అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తినా, మరుసటేడు పాత జట్టు 'ఫ్రాంచైజ్ ట్యాగ్' అనే తాడు తగిలించి కట్టిపడేసింది. గ్రీన్‌బేకి రావడం ఆయనకి నిజంగా విడుదలే. ఒకాయన తెంచుకున్న రోజే ఇంకొకాయన్ని తెంపేశారు. మర్నాడే మిన్నెసోటావాళ్ళు జోన్స్‌ని తీసుకున్నారు. ఆయన కూడా ఆ ఏడాది 1138 గజాలు పరిగెత్తాడు. 29 ఏళ్ళొచ్చాయన్నది అంత గట్టి కారణం కాదన్నమాట!

అభిమాని మనసు మీద ఇంగ్లీషులో ఓ మంచి పుస్తకం ఉంది. ఫ్రెడరిక్ ఎక్స్‌లీ 1968లో ప్రచురించిన 'ఎ ఫ్యాన్స్ నోట్స్'. మిల్వాకీ మంచురోజుల్లో చదివాను. న్యూయార్క్ జెయింట్స్ జట్టు మీద, అందులో ఫ్రాంక్ గిఫర్డ్ మీద ప్రాణం పెట్టుకున్న ఒక తాగుబోతు కథ. ఆయన ఘనతలో తనకూ వాటా ఉందనుకుంటాడు. చివరికి, తన నుదుట రాసి ఉన్నది మైదానం కాదు, ప్రేక్షకుల బల్ల అని తెలుసుకుంటాడు. ఆ పుస్తకం గొప్పదనం నాకు ఇందులో కనిపించింది: ఆ అభిమాని తనని ఆటగాడితో పోల్చుకుని ఏడుస్తాడు గానీ, యజమానితో పోల్చుకుని లెక్కలెయ్యడు. అప్పటికి అభిమాని చేతికి జీతాల పరిమితి పట్టిక రాలేదు. ఇప్పుడొచ్చింది. మా వాడికి ప్రతి ఆటగాడి జీతమూ, హామీ భాగమూ, వదిలేస్తే మిగిలేదీ కంఠతా వచ్చు. ఎక్స్‌లీ తాగుబోతుకన్నా మా వాడు బుద్ధిమంతుడు, సందేహం లేదు. కానీ ఆ తాగుబోతుకి గిఫర్డ్ మనిషే.

ఇంతవరకూ రాసి ఆపేద్దామనుకున్నాను. ఈ వ్యాసం నేను పోయిన ఏడాదే మొదలెట్టి పక్కన పడేసిన మాట నిజం. పూర్తి చెయ్యాల్సివచ్చింది వేరే కారణం వల్ల.

2025 ఫిబ్రవరిలో ఓ తెల్లవారుజామున ఫోను మోగింది. "అత్తా, నాన్నకి ఇప్పుడే చెప్పకు. నన్ను వాళ్ళు తీసేశారు" అన్నాడు మా వాడు.

ఖర్చు తగ్గించుకుంటున్నారట. పదిహేను నిమిషాల మాటలో తేల్చేశారట. వాడి వీసా ఆ ఉద్యోగానికి కట్టి ఉన్నది. హెచ్-1బి మీద పనిచేసేవాళ్ళకి ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆలోగా ఇంకో యజమాని దరఖాస్తు పెట్టాలి, లేదా దేశం వదలాలి. పిల్లకి పదహారో నెల. అదీ ఒకవైపే తెరుచుకునే తలుపే. వాడు 'వాళ్ళు' అన్నప్పుడు ఆ మాట నేను లెక్కపెట్టుకున్నానంటే మీరు నన్ను రాతిగుండె మనిషినంటారు. కానీ విన్నాను. ఏమీ అన్లేదు. అన్నం తిన్నావా అనడిగాను.

ఏడో వారంలో దొరికింది ఉద్యోగం. ఎక్కడనుకున్నారు? చికాగో పక్కన నేపర్‌విల్‌లో! చికాగో బేర్స్ అంటే పాకర్స్‌కి నూరేళ్ళ పగవాళ్ళు. ఎదురింటాయన వాకిట్లో బేర్స్ జెండా ఎగురుతోందట. "శత్రుదేశంలో శరణార్థినయ్యానత్తా" అని నవ్వాడు. చాన్నాళ్ళకి నవ్వాడు. షేరు సర్టిఫికెట్ మళ్ళీ గోడెక్కింది.

2025 ఆగస్టు 28 తరవాత ఆదివారం ఫోను చేశాడు. డాలస్ నుంచి మైకా పార్సన్స్ వచ్చాడట. రెజీ వైట్ తరవాత డిఫెన్సుకి అంతటి చేర్పు లేదని గ్రీన్‌బేలో పండగట. నాలుగేళ్ళకి 18 కోట్ల 80 లక్షలు. బదులుగా రెండేళ్ళ మొదటి ఎంపికలూ, కెనీ క్లార్క్ అనే పాత కాపునీ ఇచ్చేశారు. నేను 'ఎంత బాగా కొన్నామో' అనే మాటకోసం ఎదురుచూస్తూ కూచున్నాను.

"క్లార్క్ తొమ్మిది సీజన్లు ఆడాడత్తా ఇక్కడ" అన్నాడు వాడు. "సీజన్ ఇంకో వారంలో మొదలు. ఉన్నపళంగా ఇల్లు చూసుకోవాలి పాపం. వాళ్ళు కాస్త ముందు చెప్పుండాల్సింది."

'వాళ్ళు' అన్నాడు. తీసేసినవాళ్ళని, మొట్టమొదటిసారిగా, 'వాళ్ళు' అన్నాడు.

ఆ వెంటనే అరగంటసేపు, పార్సన్స్‌ని ఏ పక్క నిలబెడితే వెనక సెనగగింజలకి ఎంత వెసులుబాటు వస్తుందో చెప్పుకొచ్చాడు. నేను వంటింట్లో డబ్బా తీసి, కందిగింజలు పరిచి, బంతి లేనివాళ్ళని చూస్తూ కూచున్నాను. విమర్శ బాగుంది. మెరుగుపడింది కూడా.